గోడకున్న విలువ కుండకు లేదా?

ఏరు పొంగితే ముందు తడిసేది గోడ కాదు, మూలనున్న జొన్నల మూట. తరువాత పరుపు, పిల్లల పుస్తకాలు, కుట్టుమిషను. మిద్దె కూలేది అన్నిటికంటే ఆఖరున. సర్కారు లెక్క మాత్రం మిద్దె దగ్గరే మొదలవుతుంది.

2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట తుంగభద్ర, హగరి పొంగినప్పుడు మన సిరుగుప్ప తాలూకా పల్లెలు మునిగాయి. అదే నీళ్ళు కిందికి పోయి మంత్రాలయాన్ని, కర్నూలును ముంచాయి. 1953లో గీసిన సరిహద్దు ఏటికి తెలియదు. పరిహారానికి మాత్రం బాగా తెలుసు.

కేంద్రం 2022లో సవరించిన లెక్క చూడండి. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు. కొంత దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. అదీ నష్టం 15 శాతమైనా ఉంటేనే. బట్టలకు 2,500, పాత్ర సామానుకు 2,500. ఒక సంసారాన్ని మళ్ళీ నిలబెట్టడానికి అయిదు వేలు! 2019 వరదల్లో కర్ణాటక ప్రభుత్వం దీనికి తన డబ్బు కలిపి 10,000 ఇచ్చింది. పూర్తిగా కూలిన ఇంటికి 5 లక్షలు ప్రకటించింది. మెచ్చుకోవలసిందే. కానీ అక్కడా పెద్ద మొత్తం గోడదే. ఆ గోడ అద్దెకున్నవాడిది కాదు కదా! వాడి ఆస్తంతా లోపలున్న సామానే.

“ఇన్సూరెన్సు చేసుకోలేదేం?” అని అడిగే పెద్దమనుషులున్నారు. మోటారు సైకిలుకు చట్టం చేయిస్తుంది. పంటకు బ్యాంకు అప్పుతోపాటు వస్తుంది. ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాదంలో చచ్చినవాడి మీద రెండు లక్షలిచ్చే పథకమూ ఉంది. బతికి బయటపడ్డవాడి మట్టిమిద్దెకు, అందులోని సామానుకు అలాంటి పథకం ఏది? చేతికందని దాన్ని కొనుక్కోలేదని నిందించడం ఏం న్యాయం?

ఇది దానం కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ ప్రాణనష్టానికే గాక ఇళ్ళ నష్టానికి, జీవనోపాధికి కూడా కనీస సహాయం నిర్దేశించమంటుంది. 2021లో కోవిడ్ మరణాల కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌నే విప్పి, అది ఇష్టమైతే చేసే పని కాదు, చేసి తీరవలసిన బాధ్యత అంది. ఎంత ఇవ్వాలన్నది చెప్పలేదు. ఆ “ఎంత” కోసమే మన పోరు.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచితే ఆంధ్ర ప్రభుత్వం కింది అంతస్తు కుటుంబానికి 25,000, పై అంతస్తుల వారికి 10,000 ఇచ్చింది. అక్కడ చూసింది గోడ ఎంత శాతం కూలిందని కాదు, నీళ్ళు ఎవరింట్లోకి వచ్చాయని. ఆ కొలత ఇక్కడెందుకు పనికిరాదు?

ఇక మన ప్రత్యేక బాధ. ఒకసారి ఒక కచేరీలో పొరుగింటి ముసలమ్మ కోసం నేను తెలుగులో అర్జీ రాసి ఇస్తే, “కన్నడదల్లి బరకొండు బన్రి” అని వెనక్కి తోశారు. కన్నడం మీద నాకు కోపం లేదు; ఆ ఏట్లో కన్నడిగుడి కుండా కొట్టుకుపోయింది. అయితే కష్టం చెప్పుకునే అర్జీని కేంద్రంలో గాని, రాష్ట్రంలో గాని వాడే ఏ భాషలోనైనా ఇవ్వవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. ఆ రోజు నాకది తెలియదు. ముసలమ్మ మరుసటి వారం మళ్ళీ వచ్చింది, బస్సు ఛార్జీ అప్పుచేసి.

కాబట్టి అడుగుదాం: నీళ్ళు చొరబడ్డ ప్రతి ఇంటికీ, అద్దె ఇంటికి కూడా, సామాను నష్టం కట్టాలి. పంచనామాలో ఏం రాశారో ఇంటివాళ్ళకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి. తెలుగు అర్జీకి రసీదు ఇవ్వాలి.

ఏరు మళ్ళీ పొంగక మానదు. అది వచ్చేలోగా మన అర్జీ సిద్ధంగా ఉండాలి.