తీరిక వేళ: అంచు కత్తిరించవద్దు

ఈ శీర్షికలో తరచు యంత్రాలను గురించి, గనులను గురించి ముచ్చటించుకుంటూ ఉంటాము. ఈ మాసం ఒక బొమ్మను గురించి వ్రాయవలసి వచ్చినది. పాఠకులు తొందరపడి పుట తిప్పవద్దని మనవి. ఈ బొమ్మ కథ కూడా చివరకు మనకు చిరపరిచితమైన సున్నపురాయి దగ్గరకే చేరుతుంది.

రాయపూరు నుండి భిలాయి వచ్చే దారిలో కుమ్హారి ఉన్నది. తెలుగువారి చెవికి ఆ పేరులో ‘కుమ్మరి’ అన్న మాట వినబడుతుంది. హిందీలో కుమ్హార్ అన్నా కుమ్మరే. మా మిత్రులొకరు ఉద్యోగ విరమణ అనంతరం అక్కడ చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆ దంపతులది శ్రీకాకుళం జిల్లా సముద్రతీరం. ఫ్రాన్సులో చదువుకుంటున్న వారి కుమారుడు సెలవులకు వచ్చినప్పుడు ఒక లిథోగ్రాఫు తెచ్చి తండ్రికి కానుకగా ఇచ్చి వెళ్లాడు. లోతట్టు తీరభూమిలో తెల్లని గుర్రాలు. చిత్రకారుని పేరు ఈవ్ బ్రెయే.

మేము వెళ్లిన నాడు పటాలు కట్టే అతను కాగితాన్ని బల్ల మీద పరచి, కొలబద్ద పెట్టి, గీత గీసి, కత్తి తీస్తున్నాడు. తన వద్ద ఉన్న అద్దం కంటె కాగితం నాలుగు వేళ్లు పెద్దది. “చుట్టూ ఉన్నది తెల్ల కాగితమే కదా సార్, కోసివేస్తే బొమ్మకేమీ కాదు” అన్నాడు. మిత్రుడు తల ఊపారు కూడా. ఆపమని మేము ఒకింత గట్టిగానే అన్నాము.

మిత్రుడు ఆశ్చర్యపోయారు. “ఇది అచ్చు బొమ్మే కదండీ. కాలెండరు బొమ్మకు అంత సొమ్ము పోశావా అని వాడిని ఫోనులో మందలించాను కూడా” అన్నారు. అచ్చు బొమ్మ అన్న మాట నిజమే. అయితే అచ్చులన్నీ ఒకటి కావు.

లిథోగ్రఫీ అనగా శిలాముద్రణ. జర్మనీలోని బవేరియాలో సెనెఫెల్డర్ అనే నాటక రచయిత తన నాటకాలను చౌకగా అచ్చువేసుకొనే ఉపాయం వెదకుతూ, 1790ల చివరి సంవత్సరాలలో దీనిని కనిపెట్టాడు. నూనెకు నీటికి పొత్తు కుదరదు. విద్య అంతా ఆ ఒక్క సూత్రం మీద ఆధారపడినది. చదునుగా నూరిన సున్నపురాతి పలక మీద చిత్రకారుడు జిడ్డుగల నల్ల సుద్దతో స్వయంగా బొమ్మ గీస్తాడు. పిదప తుమ్మబంకలో కొద్దిగా నత్రికామ్లం కలిపి పూస్తారు. దానితో బొమ్మ లేని చోట రాయి నీటిని పట్టుకుంటుంది. బొమ్మ ఉన్న చోట నీరు నిలవదు. తడిపిన రాతి మీద సిరా రూళ్లకర్రను దొర్లిస్తే సిరా బొమ్మకే అంటుతుంది. కాగితం పరచి ఒత్తితే ముద్ర పడుతుంది. ఎన్ని రంగులు ఉంటే సాధారణంగా అన్ని రాళ్లు కావాలి. ఒక్క రంగు వెంట్రుకవాసి జరిగినా గుర్రం కాళ్లు ఒక చోట, నీడ మరొక చోట పడతాయి. రాతి మీద బొమ్మను కుడిఎడమలు తారుమారుగా గీయాలని వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పనికి పేరుపడిన రాయి బవేరియాలోని జోల్న్‌హోఫెన్ సున్నపురాయి, ఎంతో నునుపైనది. రెక్కలతో శిలాజమైన ఆదిపక్షి 1861లో ఆ గనులలోనే బయటపడినది. అందుకే దాని శాస్త్రీయ నామంలో ‘లిథోగ్రాఫికా’ అన్న మాట చేరినది. మన నందిని గనుల నుండి దశాబ్దాల పాటు వచ్చిన రాయి కూడా సున్నపురాయే. ఆ రాయి కొలిమిలో ఖనిజపు మలినాలను తనలో కలుపుకొని స్లాగుగా బయటికి పోతుంది. జోల్న్‌హోఫెన్ రాయి బొమ్మను మోసి కాగితానికి అప్పగిస్తుంది. ప్రతులు తీయడం ముగిసిన తరువాత, ఇసుకా నీరూ పోసి, రాతిని మరొక రాతితో నూరి బొమ్మను చెరిపివేయవచ్చు. ఆపైన ఆ రాతి మీద మరొక బొమ్మ వస్తుంది. మొదటిది ఇక రాదు.

అందువలననే ప్రతుల సంఖ్యను ముందుగా నిర్ణయిస్తారు. అంచులో పెన్సిలుతో 37/150 అని ఉంటే, 150 ప్రతులలో అది 37వది అని అర్థం. కుడి మూలన చిత్రకారుడు సంతకం చేస్తాడు. ఆ ప్రతిని తాను చూచి అంగీకరించినట్లు ఆ సంతకం సాక్ష్యం చెబుతుంది. మన పటాలు కట్టే అతను కోయబోయినది ఆ సాక్ష్యాన్నే.

మిత్రుడు రైలు పట్టాల మిల్లులో పనిచేసినవారు. ఆయనకు ఆయన భాషలోనే చెప్పాము. “పట్టా నడుము మీద తయారుచేసినవారి గుర్తు, సంవత్సరం ఉంటాయి. హీట్ నంబరు కూడా కొట్టి ఉంటుంది. ఆ అంకెల వలన బండి వేగం పెరగదు. అయినా వాటిని ఎవరైనా సానపట్టి చెరిపివేస్తే ఆ పట్టాను మీరు అంగీకరించేవారా?” ఆయన ఏమీ అనలేదు. కత్తిని తామే తీసి పక్కన పెట్టారు.

ఫ్రెంచి చిత్రకారులకు గుర్రమూ, రాతిబల్లా కొత్తవి కావు. జెరికో అనే గొప్ప చిత్రకారుడు 1821లో లండనులో బరువు బండ్ల గుర్రాలను, నాడాలు కొట్టే కమ్మరులను రాతి మీద గీశాడు. బ్రెయే 1907లో వెర్సాయిలో జన్మించాడు, 1930లో రోమ్ బహుమతి పొందాడు, 1990లో మరణించాడు. కమార్గ్ అనే ప్రాంతం ఆయనకు మిక్కిలి ఇష్టమైన విషయాలలో ఒకటి. రోన్ నది ఆర్ల్ పట్టణం వద్ద రెండుగా చీలి మధ్యధరా సముద్రంలో కలిసే డెల్టా అది. ఉప్పు నేలలు, రెల్లు, రాజహంసలు, ఉప్పు మడులు అక్కడి సంపద. అక్కడి గుర్రాలు పుట్టినప్పుడు నల్లగానో గోధుమ వన్నెలోనో ఉండి, నాలుగైదేండ్లకు తెల్లబడతాయి. వాటి మీద తిరిగే పశుపాలకులు ఎద్దుల మందలను కాస్తారు. అవి అలంకారానికి పెంచినవి కావు, పని చేసే గుర్రాలు.

ఇంతలో కాఫీ గ్లాసులతో వచ్చిన మిత్రుని శ్రీమతి బొమ్మ వంక కాసేపు చూచి, “అన్నయ్యగారూ, గుర్రాలను తీసివేస్తే ఇది మా నౌపడా ఉప్పు మడులే కదండీ. ఆ తెలుపు, ఆ నీళ్లు, ఎక్కడా చెట్టు లేకపోవడం…” అన్నారు. నౌపడా ఉప్పు ఎరుగని శ్రీకాకుళం వారు ఉండరు. దేశం కాని దేశంలో కొడుకు ఈ బొమ్మనే ఏరి తెచ్చిన కారణం అప్పుడు తండ్రికి అర్థమైనదని మాకు తోచినది.

అచ్చు బొమ్మ అంటే మనకు చులకన. కాని రాజా రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయంలో అచ్చయిన లక్ష్మీ సరస్వతులు కూడా రాతి మీద నుండి వచ్చినవారే. ఆ పటాలకు మన తాతమ్మలు పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కారు. నేడు పుస్తకాలను అచ్చువేసే ఆఫ్‌సెట్ యంత్రం సైతం నూనె, నీటి వైరం మీదనే నడుస్తుంది. రాతికి బదులు పలుచని లోహపు రేకు వచ్చినది, అంతే.

పాఠకుల ఇండ్లలో ఇటువంటి బొమ్మ ఉంటే పది రెట్లు చూపే భూతద్దంతో పరిశీలించండి. వరుస తీరిన సన్నని చుక్కలు కనిపిస్తే అది ఫోటో నుండి తీసిన నకలు. సుద్ద గీతలోని క్రమం లేని గరుకుదనం కనిపిస్తే రాతి ముద్ర అని ఊహించవచ్చు. సంతకం ఒక్కటే చూచి నమ్మవద్దు. దానిని అనుకరించేవారు ఉంటారు. పటం కట్టించేటప్పుడు జిగురుతో అట్టకు అంటించవద్దు. కాగితం అద్దానికి తగలకుండా చూడండి. ఎండ పడే గోడ వద్దు. అంచును మాత్రం ఎన్నటికీ కత్తిరించవద్దు.

కుమ్హారి ఇంటిలో ఆ సాయంకాలం పెద్ద అద్దానికి పురమాయించడం జరిగినది. మేము సెలవు తీసుకుని మెట్లు దిగుతూ ఉండగా మిత్రుడు లోపల ఫోనులో మాట్లాడుతున్నారు. “బాబూ, ఆ బొమ్మ అంచున ఏవో అంకెలు ఉన్నాయి, చూచావా?” అన్న మాట మాత్రం మాకు వినబడినది.