ఆకాశరామన్న ఆస్తిహక్కు

కాపీరైటు ఉల్లంఘించినవాణ్ణి పేరు చెప్పకుండా పట్టిస్తే తప్పేమిటని ఈ మధ్య ఒక మిత్రుడు నన్ను నిలదీశారు. ఆయనా అధ్యాపకుడే, మన భావాలవారే. బలవంతుణ్ణి ఎదిరించే బలహీనుడికి అజ్ఞాతం కవచమని ఆయన వాదం. సూత్రంగా నాకూ సమ్మతమే. కాని ఆ కవచం తొడుక్కుని ఎవరు ఎవరిని కొడుతున్నారో చూడకుండా సూత్రాన్ని జపిస్తూ కూర్చోవడం మార్క్సిస్టులు చెయ్యవలసిన పని కాదు.

నేను చూసినదే చెబుతాను. మా కళాశాల గేటు పక్కన ఒక జిరాక్సు దుకాణం ఉంది. 2023లో, ఎం.ఏ. పరీక్షలు మూడు వారాలున్నాయనగా, అక్కడ పుస్తకాలకు పుస్తకాలే దొంగచాటుగా తయారవుతున్నాయని పోలీసు స్టేషనుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది. మర్నాడు యంత్రాన్నీ కాగితాల కట్టల్నీ ఎత్తుకుపోయారు. ఆ కట్టల్లో ఏమున్నాయి? వీరేశలింగంగారి 'ఆంధ్ర కవుల చరిత్రము', గురజాడ 'కన్యాశుల్కం', నేను తరగతిలో చెప్పే వ్యాసాలు కొన్ని. గురజాడ పోయింది 1915లో, వీరేశలింగంగారు 1919లో. రచయిత పోయిన 60 ఏళ్ళకు హక్కు తీరిపోతుందని మన చట్టమే చెబుతోంది. అంటే అందరి సొత్తునూ అపహరించారని కేసన్నమాట! కింద సంతకమంటూ ఉంటే "అయ్యా, గురజాడకు తమరేమవుతారు?" అని అడగడానికైనా వీలుండేది.

ఇక్కడే మా మిత్రుడు పొరబడుతున్నారు. హత్యను కళ్ళారా చూసినవాడెవడైనా హత్య జరిగిందని చెప్పగలడు. నకలు తీయడం అలాంటిది కాదు. హక్కుదారు ఎవరు, అనుమతి ఇచ్చాడా లేదా, అసలు చట్టం ఆ అనుమతిని కోరుతోందా అనేవి తెలిస్తే తప్ప అది నేరమో కాదో తేలదు. కాపీరైటు ఆస్తిహక్కు. పొలం నాదనేవాడు పేరు చెప్పకుండా దావా వెయ్యగలడా?

1957 నాటి చట్టాన్నే చదువుదాం. 64వ సెక్షను కింద సబ్‌ఇన్‌స్పెక్టరు వారంటు లేకుండానే జప్తు చెయ్యవచ్చు. 63వ సెక్షను కింది నేరంలో వారంటు లేకుండా అరెస్టు చెయ్యవచ్చుననీ, బెయిలు హక్కుగా దొరకదనీ 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక్క తపాలా కవరు ఖర్చుతో ఇంత యంత్రాంగం కదులుతుంది. ఇక 60వ సెక్షను చూడండి. హక్కుదారునని చెప్పుకుని నిరాధారంగా బెదిరించేవాడి మీద బాధితుడు నష్టపరిహారానికి దావా వెయ్యవచ్చునట. ఆకాశరామన్న మీద ఎక్కడ వెయ్యాలి? ఆకాశంలోనా?

2012లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని రామేశ్వరీ ఫొటోకాపీ దుకాణం మీద దావా వేశాయి. వాళ్ళు పెట్టుబడిదారులే. అయితేనేం, సొంత పేర్లతో వచ్చారు. అందుచేతనే విద్యార్థులూ అధ్యాపకులూ సంఘాలు కట్టి అందులో ప్రతివాదులుగా చేరగలిగారు. బోధన కోసం చేసే నకళ్ళను 52వ సెక్షను అనుమతిస్తుందని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2017లో ప్రచురణకర్తలే దావా ఉపసంహరించుకున్నారు. శత్రువు కనిపిస్తే పోరాటం సాధ్యం. ఆకాశరామన్నతో ఏం పోరాడతాం?

పైగా ఈ అజ్ఞాతాన్ని ప్రోత్సహిస్తున్నది ఎవరు? రహస్యంగా సమాచారమిస్తే బహుమతులిస్తామని ప్రకటించింది సాఫ్ట్‌వేరు కంపెనీల కూటమే గాని కూలి సంఘాలు కావు. నా వ్యాసాన్నొకదాన్ని ఒక గైడు పుస్తకాల వ్యాపారి నా పేరు కొట్టేసి వేసుకున్నాడు. సంతకం పెట్టి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. నా తరఫున ఏ ఆకాశరామన్నా కలం పట్టలేదు!

యజమాని ఒప్పందానికి మించి ప్రతులు వేసి రచయిత రాయల్టీ ఎగవేస్తున్నాడని అచ్చాఫీసు కార్మికుడు చెబితే, ఆ పేరు పొక్కరాదు. అతని ఉద్యోగం పోతుంది. అతని మాట విని, రచయితను విచారించి, రచయితల సంఘం తన సంతకంతో ఫిర్యాదు చెయ్యాలి. పేరు దాచడం వేరు, ఎవరూ బాధ్యత వహించకపోవడం వేరు.

జప్తయిన 15 రోజుల్లోగా వాపసు కోరుతూ మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చునని జిరాక్సు దుకాణదారుకు తెలియదు. మేమే రాసి పెట్టాం. ఆ వ్యాసాలు మా పాఠ్యభాగాలేనని జతగా ఒక పత్రం రాసి, ఏడుగురు అధ్యాపకులం సంతకాలు చేశాం. మా మిత్రుడు చదివి, బాగుందన్నారు. సంతకం మాత్రం పెట్టలేదు.