ఎగిరేది అదే... చూసుకోవాల్సింది మనమే!

2024 సెప్టెంబరు మొదటివారం. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కాలనీలన్నీ నీళ్లలో నిలబడిపోయాయి. పడవ దూరలేని సందులు. మేడల మీద జనం. అప్పుడు బెజవాడ వాసులు ఓ వింత చూశారు. ఆకాశంలోంచి జుయ్యిమంటూ ఓ యంత్రం వచ్చి అన్నం పొట్లాలు దించి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. డ్రోన్!

మరో ఏడు వారాలకి, అక్టోబరు 22 రాత్రి, కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఒక్కసారిగా లేచి ఆకాశంలో రంగురంగుల బొమ్మలు గీశాయి. గిన్నిస్ రికార్డులూ వచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు. కొట్టాల్సిందే.

ఇంతకీ ఈ రెండిట్లో ఏది కష్టం? 5,500 డ్రోన్ల ఆటే కదా అనిపిస్తుంది. కానీ అక్కడ ఏది ఎటు వెళ్లాలో ముందే రాసి ఉంటుంది. పైన ఖాళీ ఆకాశం. వరదలో అలా కాదు. గాలి, వాన, కేబుల్ టీవీ వైర్లు, కరెంటు తీగలు, డాబా మీద చేతులు చాచే పిల్లలు. అన్నిటి మధ్యా వెళ్లి రావాలి. అసలు పరీక్ష అదీ!

దానికి దారెలా తెలుస్తుంది?

డ్రోన్‌కి కళ్లు లేవు. ఉన్నవి ఇంద్రియాల్లాంటి కొన్ని చిన్న పరికరాలు. ఏ పక్కకి ఒరుగుతోందో చెప్పేది ఒకటి. గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెప్పేది ఒకటి. ఉపగ్రహాల సంకేతాలతో చోటు చెప్పేది జీపీఎస్. ఉత్తరం ఎటో చెప్పే దిక్సూచి మరొకటి. వీటి మాటలన్నీ విని, లోపలున్న చిన్న కంప్యూటరు సెకనుకి వందలసార్లు మోటార్ల వేగం మారుస్తుంది. మన కంటికి మాత్రం అది గాల్లో కదలకుండా నిలబడినట్టే ఉంటుంది.

బ్యాటరీ తగ్గితే? చాలా డ్రోన్లు తమంతట తామే వెనక్కి వచ్చేస్తాయి. ముందుగా పెట్టిన ఎత్తుకి లేచి, బయల్దేరిన చోటికి తిన్నగా వస్తాయి. బాగుంది కదూ? కానీ ఓ చిక్కుంది. బయల్దేరిన చోటంటే దాని లెక్కలో జీపీఎస్ అంకెలే. పడవ మీంచి ఎగరేసి, పడవ కొట్టుకుపోయిందనుకోండి... తిరిగొచ్చి నీళ్లలో దిగుతుంది. ఆ విషయం ముందే ఆలోచించాల్సింది మనిషే.

ఇబ్రహీంపట్నం పాఠం

బుడమేరు వరదని కృష్ణలోకి మళ్లించే కాల్వ ఇబ్రహీంపట్నం పక్కనుంచే వస్తుంది. 2024లో దాని కట్టకి గండ్లు పడ్డది కూడా ఆ పక్కనే, కొండపల్లి శాంతినగర్ దగ్గర. అలాంటి కట్టని వానాకాలంలో రోజూ పైనుంచి చూసి, ఎక్కడ జారుతోందో కనిపెట్టడానికి డ్రోన్‌ని మించింది లేదు.

కానీ ఇబ్రహీంపట్నం ఆకాశం ఖాళీగా ఉండదు. నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ అక్కడే ఉంది. అక్కణ్నుంచి హైటెన్షన్ లైన్లు బయల్దేరతాయి. సన్నటి తీగ కెమెరాకి సరిగా ఆనదు. లైన్లో పారే కరెంటు చుట్టూ అయస్కాంత ప్రభావం ఉంటుంది. దగ్గరికెళితే దిక్సూచి తికమకపడుతుంది. ఇక తిరిగొచ్చే ఎత్తుని టవరు కన్నా తక్కువ పెట్టి ఉంచారో, డ్రోన్ బుద్ధిగా వచ్చి తీగకే తగులుకుంటుంది. యంత్రం తప్పు చేయలేదు. చెప్పింది చేసింది.

అందుకే పరిశోధకులిప్పుడు డ్రోన్లకి తీగని పసిగట్టడం నేర్పుతున్నారు. లేజరు కిరణాలు పంపి, తిరిగొచ్చిన వెలుగుతో దూరం కొలిచే పద్ధతి ఒకటి. మోటారు వణుకుని బట్టి బేరింగు ఎప్పుడు పోతుందో ముందే చెప్పే పద్ధతి ఇంకొకటి. పెద్ద విమానాల ఇంజిన్లని ఇలా కనిపెట్టి చూడటం ఎప్పట్నుంచో ఉంది.

ఒక్క సాక్షి మాట

పెద్ద విమానాల దగ్గర నేర్చుకోవాల్సిన పాఠం మరొకటుంది. 2018 అక్టోబరు 29. ఇండోనేసియాలో లయన్ ఎయిర్ విమానం, కొత్తరకం బోయింగ్ 737 మ్యాక్స్, జకార్తాలో లేచిన కాసేపటికే సముద్రంలో కూలింది. 189 మంది పోయారు. ఎదురుగాలికి విమానం ముక్కు ఎంత కోణంలో లేచి ఉందో చెప్పే పరికరం తప్పు చెప్పింది. కంప్యూటరు ఆ ఒక్క సాక్షి మాట నమ్మి ముక్కుని పదేపదే కిందికి నొక్కింది.

ఆ పరికరం ముందురోజే మార్చింది! దాని లెక్కలో 21 డిగ్రీల తేడా ఉంది. బిగించాక సరిగా పరీక్షించి ఉంటే దొరికిపోయేది. ముందురోజు రాత్రి ప్రయాణంలోనూ ఇదే ఇబ్బంది వచ్చింది. కానీ ఆ పైలట్లు లాగ్‌బుక్కులో సంగతి పూర్తిగా రాయలేదు. పొద్దున ఎక్కిన పైలట్లకి అసలు కథ తెలియలేదు. కంప్యూటరు రాసినవాళ్ల తప్పుతో పాటు, కాగితం మీద రాయాల్సింది రాయకపోవడమూ కారణాల్లో ఒకటి.

యంత్రం ఎంత స్వతంత్రంగా ఎగిరితే, కింద ఉండే మెకానిక్కు పని అంత పెరుగుతుంది. పైలట్ ఉంటే చేతికి తేడా తెలుస్తుంది. తనంతట తను ఎగిరేదానికి ఆ చెయ్యి ఉండదు.

రెండో మనిషి

మన పొలాల సంగతికొద్దాం. 2023 నవంబరులో కేంద్రం ప్రకటించిన నమో డ్రోన్ దీదీ పథకం లక్ష్యం 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లు. ధరలో 80 శాతం, 8 లక్షల దాకా సాయం. సంఘంలో ఒకరికి డ్రోన్ నడపడం, మందు చల్లడం మీద 15 రోజుల శిక్షణ. ఆ పథకంలో అంతగా ఎవరూ పట్టించుకోని మాట ఇంకొకటుంది. మరమ్మతులు చూడటానికి మరొకరికీ శిక్షణ ఇవ్వాలట. ఫొటోల్లో కనిపించేది మొదటి మనిషి. డ్రోన్‌ని పదికాలాలు ఎగరనిచ్చేది రెండో మనిషి!

పురుగుమందు నాజిల్‌లో గడ్డకడుతుంది. మోటార్ల మీద పేరుకుంటుంది. బ్యాటరీ ఎండకి ఉబ్బుతుంది. ఫ్యాను రెక్క మీద వెంట్రుకంత చీలిక గాల్లో పెద్దదవుతుంది. స్కూటరైతే దారిలో ఆగుతుంది, తోసుకెళ్తాం. డ్రోన్ ఆగితే పడేది ఎవరి నెత్తినో!

కనుక మీ చేలో మందు చల్లడానికి డ్రోన్ వస్తే, ఎకరాకి ఎంత అని ఒక్కటే అడిగి ఊరుకోకండి. నడిపేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉందా? తిరిగొచ్చే ఎత్తు మన చేలోని తీగల కన్నా ఎక్కువ పెట్టారా? కిందటిసారి వచ్చిన ఇబ్బంది పుస్తకంలో రాశారా? ఈ మూడూ అడగండి. పిల్లల్ని గట్టు దాటి రానివ్వకండి.

బొమ్మలకి పేరున్న కొండపల్లి పక్కనే ఉంది కదా అని డ్రోన్‌నీ బొమ్మే అనుకుంటే ఎలా? కొండపల్లి బొమ్మని గూట్లో పెట్టి మర్చిపోయినా చెక్కు చెదరదు. దీన్ని మాత్రం ఎగరేసే ముందు ప్రతిసారీ చేత్తో తడిమి చూడాల్సిందే!