చావడి మూసిన శీతకాలము

అమెరికా దేశపు ఈశాన్యమూలనున్న వెర్మాంటు రాష్ట్రములో డిసెంబరు మాసమందు సాయంకాలము నాలుగుంబావు అగుసరికే సూర్యుడు కొండల వెనుకకు జారిపోవును. మరల ఉదయము ఏడు గంటలు దాటినగాని వెలుతురు రాదు. నడుమనున్న ఆ దీర్ఘరాత్రియందు చలి, నిశ్శబ్దము, మూసిన తలుపులు తప్ప వేఱొకటి యుండదు. అట్టి చోట మహమ్మారి ప్రబలినపుడు ఇల్లు కదలక కూర్చుండుటయే క్షేమమని శాసించుట సులభము. కాని ఒంటిగదిలో, మాటలాడు మనిషి లేక, నెలల తరబడి కిటికీలోనుండి మంచును చూచుచు కూర్చున్నవాని క్షేమమును గూర్చి ఆలోచింపవలసినవా రెవరు? 2020వ సంవత్సరపు శరత్కాలమున నేను ఆ రాష్ట్రపు ఉత్తరభాగమందలి ఒక చిన్న పట్టణములో నివసించుచు, అచ్చటి క్రాస్‌కంట్రీ స్కీ సంఘమున స్వచ్ఛందముగా పనిచేయు కొలదిమందిలో ఒకడనై, రాబోవు శీతకాలమునకు ఆ స్థలమును సిద్ధపరచు పనిలో పాల్గొంటిని. అప్పుడు మేము చేసిన నిర్ణయములలో ప్రధానమైనవి రెండు. ఒకటి సరియైనదని నేటికిని నమ్ముచున్నాను. రెండవది అన్యాయమని ఆ శీతకాలము ముగియకముందే గ్రహించితిని.

స్కీ యన్నంతనే మన పాఠకుల మనస్సునకు తోచునది సినిమాలలో చూచిన నిలువుకొండ వాలు, దానిపైకి మనుష్యులను మోసుకొనిపోవు తీగెకుర్చీలు, ధనికుల విడిదులు. క్రాస్‌కంట్రీ స్కీ అది కాదు. ఇది మంచుమీది నడక. నడకకును జారుటకును నడుమనున్న యొక వింత గమనము. పాదరక్ష యొక్క మునివ్రేళ్ళభాగము మాత్రమే సన్నని పొడవైన పలకకు బిగింపబడి, మడమ స్వేచ్ఛగా పైకి లేచుచుండును. చేతులలో రెండు కఱ్ఱలు. ఎక్కవలసినను దిగవలసినను తన కండబలమే గాని యంత్రసహాయము లేదు. నార్వే, స్వీడను దేశములలో వేటగాండ్రును రైతులును తరతరములుగా శీతకాలమున తిరుగాడిన రీతి యిదియే. స్వీడనులో సాలెను నుండి మోరా వఱకు 90 కిలోమీటర్లు సాగు వాసలొప్పెట్ పందెము 1922లో ఆరంభమైనది. వేలాదిగా సామాన్యులు పాల్గొను ఆ పందెము సైతము 2021లో మేటి క్రీడాకారులకు మాత్రమే పరిమితమయ్యెను. నేను చెప్పబోవునది అంత పేరుపొందిన చోటును గూర్చి కాదు. ఒక పాడిరైతు వాడుకొననిచ్చిన పచ్చికబయలు, దాని నానుకొనియున్న మేపుల్ చెట్ల అడవి, అందు మెలికలు తిరుగు పదునైదు కిలోమీటర్ల బాట, ఒక పాత స్నోమొబైలు, ఒక చావడి: మా సంఘపు ఆస్తి యంతయు నింతే.

మంచు పడకముందే శీతకాలపు పనిలో సగము ముగియవలెను. తుప్పలు నఱకవలెను, గాలికి ఒరిగిన చెట్లను కోసి ప్రక్కకు దొర్లింపవలెను, తూములలో పేరుకొన్న ఆకులను తీసివేయవలెను, వంతెనల పుచ్చుపలకలను మార్చవలెను. నేల నున్నగా నున్నచో జానెడు మంచు పడినంతనే దొర్లుడుబండతో అణచి, ఆ పైన ఇనుపచట్రము నీడ్చి, రెండు కాళ్ళకు రెండు గాడులు వేయవచ్చును. రాళ్ళు, మొద్దులు మిగిలియున్నచో అంతకు రెండింతలు పడువఱకు చేతులు కట్టుకొని కూర్చుండవలసినదే. ఈ చిన్న విషయమునకు ఆ యేడాది పెద్ద అర్థము వచ్చినది. సామాన్యముగా డిసెంబరు తొలివారములలో పచ్చికబయలు చుట్టునున్న ఒక్క బాట మాత్రమే తెరువబడును గనుక ఊరంతయు ఆ రెండు కిలోమీటర్లలోనే క్రిక్కిఱియును. మనిషికిని మనిషికిని ఎడము ఉంచవలెనన్నచో హెచ్చరికల పలకలు పాతుటకంటె, అడవిలోని రాళ్ళను అక్టోబరులోనే గునపములతో పెకలించి, మొదటి మంచునకే ఆఱేడు కిలోమీటర్లు తెరచుట మేలని మాలో ఒక పెద్దమనిషి చెప్పెను, అందఱును ఒప్పుకొంటిమి. ఆ సంవత్సరము మేము చేసిన సమస్త వైద్యసంబంధమైన ఏర్పాట్లలో ఆ రాళ్ళు తీయుటయే అత్యుత్తమమైనదని నా నిశ్చయము. తక్కినవానిలో చాల భాగము వృథాశ్రమ. అద్దెకిచ్చు కఱ్ఱల పిడులను, పలకలను గంటల కొలది శానిటైజరుతో తుడిచితిమి; మరుసటి ఏప్రిలులో అమెరికా వ్యాధినియంత్రణ సంస్థయే, వైరసు అంటిన వస్తువును ముట్టుకొనుటవలన వ్యాధి సోకు అవకాశము ప్రతి స్పర్శకు 10,000లో ఒకటికంటె తక్కువ యని ప్రకటించినది.

ఇక చావడి. అచ్చటివారి భాషలో దానికి వేఱు పేరున్నను నా మనస్సులో అది ఎప్పుడును మన పల్లెల రచ్చచావడియే. మధ్యను కట్టెల పొయ్యి, చుట్టును బల్లలు, పొయ్యిపై తీగెకు వ్రేలాడు తడి చేతితొడుగులు, మేజోళ్ళు, ఒక మూల పలకలకు మైనము పూయు బల్ల, ఒక మూల పప్పుచారు వంటి చిక్కని వేడిసూపు, కోకో. ఎంతటి చలికి ఏ మైనము పూయవలెనో, ఆకుపచ్చదా, నీలమా, ఊదాయా, ఎఱ్ఱనిదా, క్రొత్తగా వచ్చినవారికి ముసలివారు నేర్పునది ఆ మూలనే. అచ్చటికి స్కీ చేయుటకు గాక ఊరక కూర్చుండుటకే వచ్చువారును కలరు. భార్య గతించిన యొక వృద్ధుడు శనివారమునాడు తొమ్మిదింటికి వచ్చి, పొయ్యిలో కట్టెలు ఎగద్రోయుచు మధ్యాహ్నము వఱకు కూర్చుండెడివాడు. అతడు పలకలు తొడిగి పదేండ్లయినది.

ఆ చావడిని మూయవలెనని మేము నిర్ణయించితిమి. ఇది సరియైన నిర్ణయము. ఆ యేడు జూలైలోనే 239మంది శాస్త్రజ్ఞులు, ఈ వ్యాధి గాలిలో తేలు సూక్ష్మకణముల వలనను వ్యాపించునని, దానిని గుర్తింపుడని ప్రపంచమునకు బహిరంగముగా వ్రాసిరి. మాకు ఆ శాస్త్రము పూర్తిగా తెలియకున్నను చావడి కిటికీలు తెలిపెను. బయట గడ్డకట్టు చలిలో మనిషి విడిచిన ఊపిరి తెల్లని ఆవిరియై కంటికి కనబడి, రెండడుగులు పోకముందే గాలిలో కలిసి మాయమగును. అదే ఊపిరి లోపల పోవుటకు దారిలేక అద్దములపై చెమ్మయై పట్టి, ధారలు కట్టి క్రిందికి కారును. ఆ అద్దములను ఎన్నో యేండ్లుగా చూచుచుంటిమి. అవి చెప్పునది అప్పటికిగాని అర్థము కాలేదు.

ఐరోపాలో జరిగినదియు దీనినే రూఢిపఱచుచున్నది. ఆస్ట్రియాలోని ఇష్‌గ్ల్ అను విడిదిపట్టణమునుండి తిరిగివచ్చిన తమ పౌరులు వ్యాధిగ్రస్తులైరని ఐస్లాండు దేశము 2020 మార్చి 5వ తేదీననే హెచ్చరించినది. రెండు దినములకు అచ్చటి ఒక మద్యశాలలోని సేవకునకు వ్యాధి నిర్ధారణమైనది. ఏప్రిలులో ఇన్స్‌బ్రుక్ వైద్యవిశ్వవిద్యాలయము పరీక్షింపగా ఆ పట్టణవాసులలో నూటికి 42.4మందిలో ఆ వ్యాధి సోకిన జాడ కనబడెను. జనము భుజములు రాచుకొనుచు పాటలు పాడిన ఇఱుకు మద్యశాలలు ఆ వ్యాప్తికి ముఖ్యస్థానములైనవి. కాని పాలకులలో పలువురు 'స్కీ' అను ఒక్క మాటక్రింద మద్యశాలను, తీగెబండిని, అడవిబాటను ఒక్కటిగానే చూచిరి. ఫ్రాన్సు ప్రభుత్వము ఈ విషయమున కొంత వివేకము చూపినది. ఆ శీతకాలమంతయు తీగెబండ్లను ఆపివేసియు క్రాస్‌కంట్రీ బాటలను సాగనిచ్చినది. అంతకుముందెన్నడును ఆ పలకలు తొడుగనివారు జూరా, వెర్కోర్ పర్వతములకు తరలివచ్చిరి.

అన్నిచోటులను అందఱకును తెరచియుంచవలెనని నా వాదము కాదు. 2020 మార్చిలో నార్వే ప్రభుత్వము, తమ నివాసపురపాలకమునకు వెలుపల నున్నచో సొంత కుటీరములలో సైతము ఎవ్వరును రాత్రి గడుపరాదని నిషేధించినది. కుటీరమును ప్రాణముతో సమానముగా చూచుకొను ఆ జాతికి అది కఠోరమైన ఆజ్ఞ. కాని కొండపల్లెలోని చిన్న ఆసుపత్రిలో ఆ పల్లెవారికి సరిపడు మంచములే యుండును గదా. వెర్మాంటు సైతము ఆ నవంబరులో బయటనుండి వచ్చువారందఱును క్వారంటైనులో నుండితీరవలెనని విధించినది. ఆ కాలమున మా అద్దెరాబడిలో పెద్దభాగము బోస్టను ప్రాంతమునుండి వచ్చువారిదే గనుక మాకు నష్టము కలిగినది. అయినను ఆ నియమమును తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. ఊరివారికి బాట, పైవారికి ఓపిక: అంతకంటె న్యాయమైన ఏర్పాటు తోచలేదు.

మా పొరపాటు వేఱొకటి. చావడి మూసినపుడు దానికి బదులుగా ఏమి యని ప్రశ్న వచ్చినది. ఆ శీతకాలమున అమెరికాలోని స్కీస్థలములన్నిటను వినబడిన మాటనే మేమును బల్లపై వ్రాసి ద్వారమున పెట్టితిమి: మీ కారే మీ గది. పాదరక్షలు కారులో మార్చుకొనుడు, తెచ్చుకొన్నది కారులో తినుడు, చలివేసినచో కారులో కూర్చుండుడు. ఎంత సులభమైన పరిష్కారము! మాకు పైసా ఖర్చు లేదు.

జనవరి నెలలో ఒక శనివారమునాడు, మన తెలుగునేలనుండి ఆ సమీపపు విద్యాలయమునకు పరిశోధనకై వచ్చిన యొక అమ్మాయి, పట్టణపు బస్సు దిగి, గంట ముందుగా నిర్ణయించుకొన్న ప్రకారము అద్దెపలకలు తీసికొనుటకు కిటికీవద్దకు వచ్చెను. తోటివారు సెలవులకు ఇండ్లకు పోయి తిరిగి రాకపోవుటచే మూడు వారములుగా గదిలో ఒంటరిగా నున్నదట. ఆనాడు సున్నకు పండ్రెండు డిగ్రీల దిగువను చలి. పాదరక్షల జతను కిటికీగుండ అందించి నేను బల్లవైపు చేయి చూపితిని. ఆమె దానిని చదివి, నెమ్మదిగా, "కారు లేనివాళ్ళు ఎక్కడ మార్చుకోవాలండీ?" అని అడిగెను. నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆమె మంచుకుప్పమీద కూర్చుండి, చేతితొడుగులు తీసి, కొంకరలుపోవు వ్రేళ్ళతో త్రాళ్ళు బిగించుకొనెను. అరగంట బాటలో తిరిగి వచ్చెను. తిరుగు బస్సునకు నలువది నిమిషము లున్నందున రోడ్డుప్రక్కన కాళ్ళు తాటించుచు నిలుచుండెను. ఆమె మరల రాలేదు. ఆ వృద్ధుడును అప్పటివఱకు రాలేదు. అతనికి కారున్నది, కాని కారులో ఒంటరిగా కూర్చుండుటకు అంత దూరము వచ్చుటెందులకు?

ఒక బల్లమీది నాలుగు మాటలతో మేము ఉమ్మడిసొత్తును తీసివేసి, దాని బరువును ఎవరి సొంతసొత్తుమీద వారికే వదలితిమి. సొత్తు లేనివానికి బాట తెరచియుండియు మూసినట్లే. మన నగరములలోను 2020 లాక్‌డౌను కాలమున ఉద్యానములకు తాళములు పడినపుడు, మేడమీద డాబా గలవాడు డాబాపై నడచెను. ఒక్క గదిలో ఆఱుగురు నివసించు ఇంటివారు ఎచ్చట నడచిరో ఆ తాళము వేసినవారు అడిగిరా? ఆ రెండు తప్పులును ఒక్క జాతివే యని నా భావము. అందుచేతనే ఎవరికిని పట్టని యొక మంచుబాట సంగతిని తెలుగు పత్రికలో ఇంతగా వ్రాయ సాహసించితిని.

ఆ అమ్మాయి వచ్చిపోయిన పిమ్మట రెండు ఆదివారములు నలుగురము కలిసి, కూలగొట్టిన యొక పశువులకొట్టపు పలకలతో బస్సు ఆగు చోటికి కనబడునట్లు ఒక పందిరి వేసితిమి. వీచుగాలి వైపు మూడు గోడలు. దక్షిణము పూర్తిగా బయలు. పొడవాటి బల్ల ఒకటి, కాళ్ళు మంచులో పెట్టనక్కరలేకుండ క్రింద చెక్కలు. ఎదుట సగము కోసిన ఇనుపపీపాలో చలిమంట. ఆనాటి మైనపు రంగును ప్రతి ఉదయము పలకపై సుద్దతో వ్రాసి పందిరిస్తంభమునకు కట్టితిమి. గాలి అటునుండి ఇటు పోవుచునే యుండెను. మనుష్యులు ఎడముగా కూర్చుండి, గొంతు కొంచెము పెంచి, ఒకరితో నొకరు మాటలాడిరి. ఫిబ్రవరిలో ఆ వృద్ధుడు వచ్చి పీపాలో కట్టెలు ఎగద్రోయు పనిని తనంతట తానే చేపట్టెను. ఇదియే మేము అక్టోబరులో, రాళ్ళు తీయునాడే చేయవలసినది. చావడిని మూయునప్పుడు మొదట అడుగవలసినది ఎట్లు మూయుదుమని కాదు. ఇందు వేడికై వచ్చువారెవరు, వారికి రేపు చోటెక్కడ అని. అమ్మాయి ప్రశ్న అక్టోబరులో మాలో ఒక్కరికిని తోచకపోవుటకు కారణము స్పష్టమే: నిర్ణయించుటకు కూర్చున్న మాకందఱకును కార్లు కలవు.

ఇప్పుడు చావడి తెరచితిమి, పొయ్యి వెలుగుచున్నది, కిటికీలను రెండంగుళములు తెరచియుంచు అలవాటు మాత్రము మిగిలినది. పందిరి పలకలు వానకు మంచునకు నల్లబడినవి. దానిని తొలగించి ఆ చోట మరి యెనిమిది కార్లు నిలుపవచ్చునని సంఘములో కొందఱి ప్రతిపాదన. నేను దానికి ఒప్పుకొనను. పందిరిని బాగుచేయుటకు, బస్సు దిగి వచ్చువారికి ఉచితముగా ఎరువిచ్చుటకై ఇరువది జతల పాదరక్షలు, పలకలు కొనుటకు కావలసిన ధనమును పట్టణమే ఇయ్యవలెనని, మార్చి మొదటి మంగళవారము జరుగు పట్టణసభకు విజ్ఞాపన వ్రాసియుంచితిని, సంతకములు సేకరించుచున్నాను. మొదటి సంతకము ఆ కట్టెలు ఎగద్రోయు వృద్ధునిది.