పంచాంగంలో లేని ఆదాయ వ్యయాలు

ఉగాది సంచికకు సంపాదకీయం అంటే షడ్రుచుల మీద రాయడం మన పత్రికలో ఆనవాయితీ. పోయినేడు నేనూ అదే రాశాను. ఈసారి చేత కాలేదు. కొత్త సంవత్సరం పేరు ‘పరాభవ’ అయినందుకు కాదు. (ఆ పేరు విని దిగులుపడి ఫోన్ చేసినవాళ్లు ముగ్గురు. అరవై ఏళ్లకోసారి వచ్చిపోయే పేరండీ, దాన్ని పట్టుకుని కూర్చోకండి.) డిసెంబరులో మన సభ్యుల్లో ఒకావిడ భర్త పోయిన సంగతి మీ అందరికీ తెలుసు. పేరు రాయను. ఈ మాటలు కూడా ఆవిడ ఒప్పుకున్నాకే, అచ్చుకు వెళ్లే ముందు చదివి వినిపించాకే రాస్తున్నాను.

ఆ వారం మీరు చేసింది చిన్న పని కాదు. కాన్సులేట్ కాగితాల వెంట తిరిగినవాళ్లు, పార్థివదేహంతో పాటు విజయవాడ దాకా వెళ్లివచ్చిన కుర్రాళ్లిద్దరు, పన్నెండు రోజులు వంతులు వేసుకుని క్యారేజీలు పంపిన ఇళ్లు, పిల్లల్ని బడికి దింపి తెచ్చినవాళ్లు, అందరికీ సంఘం తరఫున నమస్కారం. గోఫండ్‌మీకి మన డాలస్‌లో ఎవరికీ ముఖపరిచయం లేనివాళ్లు కూడా ఇచ్చారు. ఆ డబ్బు గురించే ఆవిడ నాతో ఒక మాట అంది. “అక్కా, ఆయన దగ్గర లేక కాదు. ఎక్కడుందో నాకు తెలియక.”

జనవరిలో ఒక మధ్యాహ్నం వాళ్ల వంటింట్లో కూర్చున్నాం. బల్ల మీద ఆయన ఫోను. ఆరంకెల కోడ్ అడుగుతోంది. పెళ్లిరోజు కొట్టి చూసింది. పెద్దాడి పుట్టినరోజు, చిన్నదాని పుట్టినరోజు, ఊళ్లో వాళ్ల నాన్నగారి ఇంటి నంబరు. కాసేపటికి ఫోను ఇక ప్రయత్నించొద్దని తాళం వేసుకుంది. ప్రాపర్టీ టాక్స్ జనవరి 31 లోగా కట్టాలి కదా, అది ఎస్క్రోలో పోతోందో విడిగా కట్టాలో ఆమెకు తెలియదు. కరెంటు బిల్లు ఏ కార్డు మీద పోతోందో తెలియదు. అంతకు ముందు వారమే ఎవరో మంచికే సలహా ఇచ్చారు, నెలకు నలభై డాలర్లు మిగులుతాయి, ఆయన లైన్ తీయించెయ్యమని. తీయించేసింది. అప్పటినుంచి ఏ బ్యాంకు కోడ్ పంపినా ఆ నంబరుకే, అంటే ఎక్కడికీ కాదు. ఆవిడ ఎం.టెక్. చదివిన మనిషి, ఏడేళ్లు ఉద్యోగం కూడా చేసింది. తెలివి తక్కువై కాదు. ఆ ఇంట్లో లెక్కలు ‘ఆయన పని’. అంతే.

గ్రీన్ కార్డు వచ్చేసింది గనుక ఆ కుటుంబానికి దేశం వదలాల్సిన భయం తప్పింది. ఇంకా భర్త వీసాను బట్టి హెచ్-4 లో ఉన్న చెల్లెళ్లు ఈ పేరా ఎలా చదువుతారో నాకు తెలుసు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి వీసాకు లక్ష డాలర్ల రుసుమన్న కబురు వచ్చిన ఆ శుక్రవారం రాత్రి మన వాట్సాప్ గ్రూపులో ఎవరూ నిద్రపోలేదు. లేఆఫ్ పడితే దేశంలో ఉండడానికి అరవై రోజులే అని వేళ్ల మీద లెక్కపెట్టుకోనివాళ్లు మనలో తక్కువ. ఆ దినాలు లెక్కపెట్టడం వచ్చినవాళ్లకి ఇంట్లో ఎన్ని ఖాతాలున్నాయో లెక్కపెట్టడం ఎందుకు రాదు?

ఎందుకంటే నోరెత్తితే “అశుభం పలక్కు” అంటాం. తథాస్తు దేవతలు ఉంటారంటాం. మా ఇంట్లోనూ ఇదే. పోయినేడు నేను విల్లు మాట ఎత్తితే మావారు “ఇప్పుడేం తొందర, పండగపూట” అన్నారు. అది పండగపూట కాదు, మంగళవారం. ఈ జనవరిలో ఆ ఇంటినుంచి తిరిగొచ్చిన రాత్రి మాత్రం నేను ఊరుకోలేదు. పిల్లాడి లాంగ్ నోట్‌బుక్ ఒకటి తెచ్చి, మొదటి పేజీలో పసుపు బొట్టు పెట్టి (ఆయన నవ్వారు, నవ్వనీండి), ఆదివారం పొద్దున కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం మూడయింది.

దొరికినవి చెప్తాను, పరువు పోతే పోయింది. 2009లో మొదటి కంపెనీ వదిలినప్పుడు ఆయన అక్కడి 401(కె)ని ఐఆర్ఏలోకి మార్చారు. దాని బెనిఫిషియరీ మా మామగారు. ఉద్యోగంలో వచ్చే గ్రూపు ఇన్సూరెన్సుకూ మామగారి పేరే. మామగారు పోయి తొమ్మిదేళ్లయింది. ప్రతి ఏడాదీ తద్దినం పెడుతున్నాం, ఫారం మాత్రం మార్చలేదు. విల్లులో భార్యకు అని బంగారు అక్షరాలతో రాసినా ఇలాంటి ఖాతాలకు ఫారంలో ఉన్న పేరే చెల్లుతుంది. 401(కె) సంగతి కొంత నయం. భార్యో భర్తో సంతకం పెట్టి వదులుకుంటే తప్ప ఫెడరల్ చట్టం ఆ డబ్బును వాళ్లకే ఇస్తుంది. ఐఆర్ఏకి మార్చగానే ఆ కాపలా పోతుంది. మనలో ఉద్యోగం మారినప్పుడల్లా ‘రోలోవర్’ చేసినవాళ్లు ఎందరో, ఒకసారి లాగిన్ అయి చూడండి. పది నిమిషాల పని.

ఇంకో సంగతి. పిల్లల మీద ప్రేమతో బెనిఫిషియరీగా మైనరు పిల్లల పేర్లు రాసేస్తున్నారు. ఇన్సూరెన్సు కంపెనీ ఎనిమిదేళ్ల పిల్ల చేతికి చెక్కు ఇవ్వదు. కోర్టు, గార్డియను, లాయరు ఫీజు. ఆ ఉద్యోగపు ఇన్సూరెన్సు కూడా ఏడాది రెండేళ్ల జీతం, ఉద్యోగం ఉన్నంతవరకే. నలభై దాటి షుగర్ వచ్చాక టర్మ్ పాలసీకి వెళ్తే ప్రీమియం చూసి కళ్లు తిరుగుతాయి. ముప్పై ఐదేళ్ల తమ్ముళ్లూ, మీకే చెప్తున్నాను. టెస్లా కొనే ముందు టర్మ్ పాలసీ కొనండి.

ఇండియా వైపు మా నోట్‌బుక్కులో నాలుగు పేజీలైంది. కూకట్‌పల్లిలో ఆయన బ్యాచిలర్‌గా తెరిచిన సేవింగ్స్ ఖాతా ఇన్నేళ్లయినా ఎన్ఆర్ఓగా మార్చలేదు. మార్చాలన్నది రూలు, సలహా కాదు. అత్తయ్యతో కలిపి ఉన్న జాయింటు ఖాతా ఒకటి. “అది అమ్మ డబ్బు కదా” అంటారు ఆయన. ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల గురించి అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే రిపోర్టు, అలా అనుకోదు. మన పేరున్న విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు పది వేల డాలర్లు దాటినా చెప్పి తీరాలి. ఏప్రిల్ 15 గడువు, అది దాటితే అక్టోబరు 15 దాకా అడగకుండానే పొడిగింపు ఉంది. స్థలం చూసుకోమని తమ్ముడికి జీపీఏ ఇచ్చి నిశ్చింతగా ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, మామూలు జీపీఏ ఇచ్చినవాడితోనే పోతుంది. నామినీ అన్నా యజమాని కాదు. బ్యాంకు ఆ చేతికి ఇస్తుంది, హక్కు వారసులదే. 2025 నవంబరు నుంచి అక్కడి బ్యాంకు ఖాతాలకు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు. మనవాళ్లలో చాలామందికి ఒక్కరు కూడా లేరు.

ఇదంతా రాస్తూ ఆయన ఒక చోట ఆగిపోయారు. పెన్ను మూసి మళ్లీ తెరిచారు. 2021లో ఆప్షన్లలో పోగొట్టిన డబ్బు. నాకు చెప్పలేదు. ఎంతో ఇక్కడ రాయను, మా వంటింటి రిమోడలింగు ఎందుకు ఆగిందో ఆ రోజు అర్థమైంది. “చెప్తే భయపడతావని” అన్నారు. భయపడతాననా, తిడతాననా? తిట్టాను కూడా. అయితే ఆ రాత్రి నాకే నిద్ర పట్టలేదు. మా అమ్మ కంటి ఆపరేషనుకు పంపింది, చెల్లెలి ఇంటి అడ్వాన్సుకు ఇచ్చి ఇక రాదని వదిలేసింది, మా మహిళల చీటీలో ఇంకా కట్టాల్సిన ఏడు వాయిదాలు, ఇవి ఆ నోట్‌బుక్కులో లేవు. పొద్దున్నే లేచి నా పేజీ నేను రాశాను. ఆయన చదివి ఏమీ అనలేదు. టీ పెట్టి తెచ్చారు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన టీ పెట్టడం అది నాలుగోసారి అనుకుంటాను.

మీరూ ఇలాంటి నోట్‌బుక్కులో ఖాతాలు, పాస్‌వర్డ్‌లు రాసిపెట్టుకోండి. అలా రాయమంటున్నది చనిపోయినవాళ్ల పేరుతో లాగిన్ అయి డబ్బు తీసుకోమని కాదు. అది తప్పు, తర్వాత చిక్కు కూడా. ఏది ఎక్కడుందో తెలిస్తే డెత్ సర్టిఫికెట్టు పెట్టి క్లెయిము వేసుకోవచ్చు. ఆ సర్టిఫికెట్టు అసలు కాపీలు కనీసం పది తీసుకోండి. ఫోను లైను మాత్రం పనులన్నీ అయ్యేదాకా తీయించకండి. ఐఫోన్లో లెగసీ కాంటాక్ట్ పెట్టుకుంటే ఫొటోలు, ఫైళ్లు దక్కుతాయి కానీ అందులో దాచుకున్న పాస్‌వర్డ్‌లు రావు, కాబట్టి కాగితం కాగితమే. సోషల్ సెక్యూరిటీ సంగతి మన రిటైర్డు పెద్దాయన ఒకరు చెప్పేదాకా ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. పదేళ్లు కట్టిన మనిషి పోతే పిల్లలకూ, పదహారేళ్లలోపు పిల్లల్ని పెంచుతున్న తల్లికీ నెలనెలా వచ్చేది ఉంది. సిటిజన్లకే అనుకుని అడగనివాళ్లున్నారు. అడగండి, ఆలస్యం చేయకుండా అడగండి.

మీరిద్దరూ ఒకే కారులో వస్తారు కదా మన కార్యక్రమాలకు. పిల్లలు వెనక సీట్లోనో, ఇంట్లోనో. వాళ్లను ఎవరు పెంచాలో విల్లులో రాయకపోతే ఆ మాట చెప్పేది జడ్జి. గుంటూరులో ఉన్న అమ్మమ్మ వీసా స్టాంపింగు అయ్యి దిగేలోగా పిల్లలు ఎక్కడ పడుకుంటారు? ఈ ప్రశ్న దగ్గర నేను కూడా ఇంకా సంతకం పెట్టలేదు. నా తమ్ముడా, మావారి చెల్లెలా అని మా ఇంట్లో తేలలేదు. తేలేలోపు మీకు నీతులు చెప్పే అర్హత నాకు సగమే ఉంది, ఆ సగంతోనే బతిమాలుతున్నాను.

ఇక మన పనులు. ఉగాది వేడుక ఈ నెల ఆఖరి శనివారం, ఎప్పటిలా స్కూలు ఆడిటోరియంలోనే. పార్కింగు వెనక గేటు వైపు. పోయినసారి బస్సుల లేన్‌లో ఆపినవాళ్ల వల్ల స్కూలువాళ్లతో మాట పడ్డాం. పంచాంగ శ్రవణంలో మీ రాశికి ఆదాయం ఎక్కువా వ్యయం ఎక్కువా అని ఎలాగూ అడుగుతారు, ఆ తర్వాత పక్క గదిలో ఇద్దరు లాయర్లు, ఒక సీపీఏ గంటన్నర కూర్చుంటారు. ముగ్గురూ మన సభ్యులే, ఉచితం. జంటగా రావాలి, ఒక్కరే వస్తే వెనక్కి పంపుతామని సీపీఏ గారు ముందే చెప్పారు. నోటరీ కూడా ఉంటారు, ఐడీ మర్చిపోకండి. సభ్యత్వ రుసుము బాకీ ఉన్న నలభై మూడు కుటుంబాల పేర్లు నా దగ్గరున్నాయి, అచ్చు వేయను, సిగ్గుపడి కట్టేయండి. కథలు పంపినవాళ్లకు ధన్యవాదాలు, మూడు వచ్చే సంచికకు ఉంచాం. తెలుగు బడికి ఆదివారం రెండో బ్యాచికి ఒక టీచరు కావాలి. పచ్చడికి వేపపువ్వు ఎవరి పెరట్లోనైనా ఉంటే ఫుడ్ కమిటీకి చెప్పండి, ఇండియానుంచి తెచ్చిన ఎండుపువ్వు ఈసారి ఒక్క పొట్లమే ఉంది.

తండ్రిని పోగొట్టుకున్న ఆ ఇంటి పెద్దాడు ఎప్పటిలాగే పంచాంగ శ్రవణానికి ముందు పద్యం చెప్తానన్నాడు. వాళ్లమ్మ ముందు వరుసలో కూర్చుంటుంది. పక్కన కూర్చునేవాళ్లు దయచేసి ఫండు ఎంత వచ్చిందని ఆమెను అడగొద్దు.