పిలిచి తెచ్చుకొన్న చుట్టము

గత వేసవిలో మా గ్రామపు చెరువులో వల వేసిరి. పూర్వము బొచ్చె, శీలావతి, కొరమీనులతో బరువెక్కి వచ్చెడి వలలో ఆనాడు అరచేతి పొడవైనను లేని జిలేబీ చేపలే మిక్కిలిగా పడినవి. గట్టుమీద నిలిచిన నేను సిగ్గుపడితిని. ఇరువది యేండ్ల క్రిందట బిందెడు జిలేబీ పిల్లలను మోసి తెచ్చి ఆ చెరువులో విడిచినవారిలో నేనును ఒకడను.

శాస్త్రజ్ఞులు మొజాంబిక్ తిలాపియా యని పిలుచు నీ మత్స్యము ఆఫ్రికా ఆగ్నేయ తీరపు నదులకును, ఉప్పుటేళ్ళకును చెందినది. 1952లో దీనిని మన దేశమునకు దెచ్చిరి. తెచ్చినవారు దుర్మార్గులు కారు. బీదవానికి చౌకగా చేప దొరకవలయునని వారి తలంపు. అయితే ఈ చేప రెండు మూడు మాసములకే గ్రుడ్లు పెట్టు వయస్సునకు వచ్చును. తల్లి గ్రుడ్లను, పిల్లలను నోటిలో దాచి కాపాడును. మంచినీటిలోను, ఉప్పునీటిలోను బ్రదుకగలదు. కనుక చెరువులు ఎదుగుబొదుగు లేని చిన్నచేపలతో క్రిక్కిరిసి, నాటుచేపలకు తిండియు చోటును కరవయ్యెను. 1959లో మత్స్య పరిశోధన సంఘము దీని వ్యాప్తిని నిషేధించెను. కాని అప్పటికే నీట బడిన చేపకు నిషేధమేమి తెలియును?

అట్లయిన పరదేశపు జీవి యేదియు మనకు వలదా యని కొందరడుగుదురు. నా యభిప్రాయమది కాదు. అమెరికా ఖండపు పసిఫిక్ తీరమునకు చెందిన వనామీ రొయ్య 2009లో అనుమతి పొంది, నేడు శ్రీకాకుళ, విజయనగర తీరములందును పెంచబడుచున్నది. దాని తల్లిరొయ్యలను మొదట చెన్నపట్టణమునందలి ప్రత్యేక కేంద్రములో విడిగా నుంచి, వ్యాధులకై పరీక్షించు నేర్పాటు చేసిరి. అందును అపాయము లేకపోలేదు. అయినను వాకిట నిలిపి విచారించిన పిదపనే లోనికి రానిచ్చిరి. మేము బిందె వంచునపుడు ఆ పాటి విచారణయైన చేయలేదు.

విద్యార్థులారా! మీలో కొందరు ఇంట గాజుతొట్టెలలో వింతచేపలను పెంచుచున్నారు. విసుగు పుట్టినప్పుడు వానిని చెరువులో విడుచుట దయ యని తలంపకుడు. వరద వచ్చిన నాడు చెరువు గెడ్డలో కలియును. గెడ్డ నాగావళిలోనో వంశధారలోనో కలియును. అవి సముద్రమున గలియును. ఆ దారి పొడవునను జాలరుల కుటుంబములు వలపై నాధారపడి బ్రదుకుచున్నవి. మా యుద్దేశము మంచిదే. కాని అది విడిచిన పిల్లలలో ఒక్కదానినైన తిరిగి బిందెలోనికి దేలేకపోయినది. గురువు చేసిన యీ పొరపాటును శిష్యులు చేయకుందురు గాక.