మడత విప్పితే తెలుగులోనూ చదవచ్చు

బస్సులో నా పక్కన కూర్చునే బయోకెమిస్ట్రీ స్నేహితురాలు మొన్న ఒక వైరస్ సంగతి చెప్పింది. సగం ఇంగ్లీషు, సగం తమిళం. "తెలుగులో చెప్పవే" అంటే, "ఇదంతా తెలుగులో ఎక్కడ వస్తుందే!" అని నవ్వేసింది. నాకు రోషం వచ్చింది. వస్తుందనే నా అభిప్రాయం. నేను బి.ఏ. హిస్టరీ దాన్ని, తప్పుంటే దిద్దండి.

ఆ వైరస్ పేరు ఎం.ఎస్.2. అది సోకేది మనకు కాదు, ఇ.కోలి అనే బాక్టీరియాకు. దాని జీనోమ్ అంతా ఒకే ఆర్.ఎన్.ఎ. దారం, 3,569 అక్షరాలు. బెల్జియంలోని గెంట్‌లో వాల్టర్ ఫియర్స్ బృందం 1976లో దాన్ని పూర్తిగా చదివింది. ఒక జీనోమ్‌ను మొదటినుంచి చివరిదాకా చదవడం అదే మొదటిసారి.

అందులో నాలుగు ప్రోటీన్లకు రాత ఉంది. కానీ అన్నీ సమానంగా అక్కర్లేదు. ఒక్కో వైరస్ పెంకుకు ఒకే రకం ప్రోటీన్ 170కి పైగా కావాలి. నకలు తీసే ప్రోటీన్ కొంచెం చాలు. ఈ లెక్క చూసుకునేది దారంలోని మడతలే. నకలు ప్రోటీన్ రాత మొదలయ్యే చోటు మడతలో దాగి ఉంటుంది. రైబోజోమ్ పెంకు ప్రోటీన్ రాతను చదువుకుంటూ పోతే ఆ మడత విడిపోతుంది. అప్పుడే నకలు ప్రోటీన్ తయారవుతుంది. పెంకు ప్రోటీన్ బాగా పోగయ్యాక, అదే వచ్చి అక్కడున్న హెయిర్‌పిన్ లాంటి చిన్న మడతను పట్టుకుని, ఇక చాలని ఆపేస్తుంది.

మా ఇంట్లో నాన్నతో తమిళం, అమ్మతో తెలుగు. అమ్మకు ఇదంతా చెప్పాను. ఆరిన చీర మడతపెడుతూ, "అంటే, చీర మీద రాసింది మడతలో పడితే కనబడదు, విప్పితేనే చదవగలం. అంతేనా?" అంది. అంతే! రైబోజోమ్, ప్రోటీన్ అన్న పేర్లు అలాగే ఉండనీ, నష్టమేముంది? జరిగిన పనిని చెప్పడానికి మడత, దారం, నకలు సరిపోయాయి.

"పరీక్ష ఇంగ్లీషులోనే కదా రాయాలి" అంటారు. నిజమే. కానీ నాలుగో సెమిస్టర్‌తో మాకు పార్ట్-1 తెలుగు పేపరు అయిపోతుంది. ఆ తర్వాత తెలుగులో ఒక్క వాక్యం రాయాల్సిన పని కూడా ఉండదు. ఇంట్లో "అన్నం తిన్నావా" అనడానికి మాత్రమే మిగిలితే, అది మన భాష తప్పు కాదు, మనదే.

అందుకే ఒక మనవి. ఈ గోడపత్రికలో ప్రతిసారీ ఒక మూల సైన్సు, కామర్స్ అమ్మాయిలకు వదలండి. వాళ్ల పాఠం ఒకటి తెలుగులో రాయనివ్వండి. నా బస్సు స్నేహితురాలు మొదటిది రాస్తానంది. మేడమ్‌లు సరే అనాలి.